ఒకటి నొక్కితే నీళ్లు

బోళ్లు తోముతున్నాను. రాత్రి అడుగంటిన అన్నం గిన్నెను బూడిద పెట్టి పీచుతో గీకుతుంటే, గోడకు బిగించిన స్టార్టరు డబ్బా టక్కుమంది. బోరు దగ్గర పైపు వణికింది. నేల కింద నీళ్లు పరుగెత్తే సన్నటి చప్పుడు నా కాళ్లకు తెలిసింది.

డబ్బా దగ్గర మనిషి లేడు.

గిన్నె పక్కన పెట్టి, బూడిద చేతులతోనే లేచాను. ఆ రోజు నీళ్ల వంతు మాది కాదు, మా మరిది వాళ్లది. బోరు పక్కన రెండు వాల్వులుంటాయి. ఒకటి మా వరిమడి దిక్కు, ఒకటి వాళ్ల చేను దిక్కు. ముందు వాళ్లది తెరవాలి, తర్వాత మాది మూయాలి. అటుదిటు చేస్తే పైపు పగులుతుంది. వాళ్లది పన్నెండు చుట్లు తిప్పి తెరిచి, మాది పన్నెండు చుట్లు తిప్పి మూసి, మళ్లీ వచ్చి గిన్నె పట్టుకున్నాను. వాల్వు చక్రం మీద నా బూడిద వేళ్ల గుర్తులు పడ్డాయి.

మా ఇల్లు ఊర్లో లేదు, బాయికాడ ఉంది. పాత బాయి ఎప్పుడో పూడిపోయినా బోరున్న చోటును మేం ఇంకా బాయికాడ అనే అంటాం. పంపకాలైనప్పుడు భూమి రెండు ముక్కలైంది గానీ బోరు ఒకటే మిగిలింది. ఒకరోజు మాకు, ఒకరోజు మరిదికి. మా ఆయన లింగస్వామి పెద్దోడు, మరిది నాగేందర్ చిన్నోడు. నాగేందర్ చిట్యాల దిక్కు ఫ్యాక్టరీలో షిఫ్టులకు పోతాడు. ఎవుసం చూసుకునేది అతని భార్య హరిత. వాళ్లు, మా మామ జంగయ్య ఊర్లో ఇంట్లో ఉంటారు. అక్కడి నుంచి ఇక్కడికి నడిస్తే అరగంట.

అందుకని వాళ్ల వంతు రోజున కూడా మోటరు వేసేది నేనే. ఐదేండ్లు వేశాను. పొద్దున్నే హరిత ఫోన్ చేసేది. "అక్కా, జర మోటర్ ఎయ్యవా? నేను జరసేపైనంక వస్త." వచ్చి చేను చూసుకుని, నా దగ్గర కూర్చుని చాయ తాగి పోయేది. ఆమె రాని రోజు మామ వచ్చేవాడు. మంచంలో కూర్చుని ఊర్లో ఎవరికి ఏమైందో అంతా చెప్పేవాడు. నాకు మాట్లాడటం తక్కువ. వాళ్లే మాట్లాడేవాళ్లు, నేను వినేదాన్ని. సొరకాయో, గుప్పెడు పచ్చిమిరపకాయలో ఏదో ఒకటి కొంగున కట్టుకొచ్చి నా గడప మీద పెట్టేవాళ్లు. మోటరు మీట నా చేతిలో ఉన్నంత కాలం అందరూ నా గడప మీదుగానే పోయారు.

పోయిన నెలలో హరిత ఆ డబ్బా పెట్టించింది. దాంట్లో సిమ్ ఉంటుంది. ఎక్కడినుంచైనా ఆ నంబరుకు ఫోన్ చేసి ఒకటి నొక్కితే మోటరు చాలు అవుతుంది, రెండు నొక్కితే బంద్. చాలు అయిందని ఒక ఆడగొంతు తెలుగులోనే చెబుతుంది. హరిత ఇవన్నీ ఫోన్‌లో చూసి తెలుసుకుంది. ఆమెకు రైతుల గ్రూపులున్నాయి, మార్కెట్ రేట్లు తెలుస్తాయి. డిగ్రీ ఒక సంవత్సరం చదివింది. నేను మా ఊరి బడిలో పది దాకా చదివాను. నాది మీటల ఫోను.

డబ్బా బిగించడానికి చిట్యాల నుంచి జాఫర్ భాయ్ వచ్చాడు. ఊర్లన్నిటికీ మోటర్లు బాగుచేసేది అతనే. వైర్లు కలిపి, స్క్రూడ్రైవర్ చెవిలో పెట్టుకుని అడిగాడు. "అమ్మా, నంబర్లు చెప్పుండ్రి. గీ నంబర్లకెల్లి చేస్తెనే మోటర్ వింటది. వేరేటోల్లది వినది."

హరిత తనది చెప్పింది, నాగేందర్‌ది చెప్పింది, మా ఆయనది చెప్పింది. చివరకు మామది కూడా చెప్పింది. మామకు ఫోన్ ఎత్తడమే సరిగ్గా రాదు.

నేను చాయ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను.

"ఇంకొకటి పడుతది," అన్నాడు జాఫర్.

"సాలు భాయ్. అక్క ఈడనే ఉంటది గద, ఆమెకెందుకు? చెయ్యి సాపితె మోటరే," అని నవ్వింది హరిత.

తప్పేమీ అనలేదు. నిజమే అంది. నా నంబరు ఆమెకు నోటికి వచ్చు. ఐదేండ్లు రోజు విడిచి రోజు చేసిన నంబరే.

ఆ తర్వాత హరిత ఫోన్లు ఆగిపోయాయి. మోటరు దానంతటదే మోగేది, దానంతటదే ఆగేది. మామ మోకాళ్ల నొప్పులని రావడం మానేశాడు. మోటరు పని లేకపోతే అరగంట ఎందుకు నడుస్తాడు? హరిత మూడు రోజులకోసారి వచ్చేది, వచ్చినా ఫోను పట్టుకుని బీర పందిరి కిందకే. ఇరవై గుంటల్లో బీర పెట్టింది. కట్టెలు పాతి, తీగ లాగి, పురికోసలు కట్టిన రోజుల్లో నేను కూడా కట్టాను. నా వేళ్లు కోసుకుపోయాయి. ఇప్పుడు పందిరి నిండా పసుపు పూలు. వాటి ఫోటోలు గ్రూపులో పెడితే చిట్యాల మార్కెట్లో ఒక సేటు కాయ రాకముందే ఫోన్ చేశాడట. మా ఆయన ఆ ఫోటోలు నాకు చూపించాడు.

"సూడు మంజులా, ఎట్ల తీసిందో. గీ పొల్ల ఉషారు మామూలు ఉషారు కాదు. నువ్వు గూడ జర నేర్సుకోరాదు?"

"మంచిగున్నయి," అన్నాను. పందిరి కట్టిననాటి ఫోటోలో ఒక మూల నా చేయి కూడా ఉంది, పురికోస కడుతూ. మొహం లేదు.

ఇంత జరిగినా వాల్వు మాత్రం నేనే తిప్పుతున్నాను. ఎవరూ తిప్పమని చెప్పలేదు. మునుపు కూడా చెప్పలేదు. మోటరు వేయమంటే వాల్వు తిప్పడం కూడా అందులోనే ఉందని నేను చేసేదాన్ని. వాళ్లకు మాత్రం మోటరు వేస్తే నీళ్లు వస్తాయి, అంతే. అక్కడ ఒక చక్రం ఉందని, దాన్ని ఒక మనిషి తిప్పుతుందని వాళ్లు ఎన్నడూ చూడలేదు. ఫోన్ కొట్టి వాళ్లు అరగంటకు వచ్చేసరికి పని అయిపోయి ఉండేది.

ఆ బూడిద చేతుల రోజునే మామ చాన్నాళ్లకు వచ్చాడు, ఎవరిదో బండి మీద వెనక కూర్చుని. బండి నడిపింది మామ దోస్తు వెంకన్న. డబ్బా చూపించడానికి తీసుకొచ్చాడు.

"సూసినవా వెంకన్నా, మా సిన్నకోడలు ఊర్లకెల్లే నడిపిస్తాంది. ఇంట్ల కూసోని ఒకటి నొక్కితె నీళ్లు! ఇగ బాయికాడ మనిషితోని పనే లేదు."

వెంకన్న డబ్బా చుట్టూ తిరిగి చూసి, నా దిక్కు చూసి కన్ను గీటాడు. "మరి గిన్నేండ్లు నౌకరి చేసింది గద పెద్దకోడలు. ఆమెకు పింఛన్ ఇప్పియ్యి జంగన్నా."

మామ పడీ పడీ నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. నేను చాయ పెట్టాను. ముగ్గురూ తాగారు. గ్లాసులు కడుగుతుంటే బయట ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

మర్నాడు మా వంతు. వరికి అదే ఆఖరు తడి. గొలుసు పండి కంకులు వంగాయి, ఇక మడి ఆరబెట్టి మిషనుతో కోయించడమే. వాల్వు మా దిక్కు తిప్పాను. సాయంత్రం హరిత ఫోన్ చేసింది, నాకు కాదు, మా ఆయనకు. ఆయన స్పీకర్ పెట్టాడు.

"బావా, మా అమ్మకు ఆపరేషనట. రేపు పొద్దుగాల బస్సుకు పాలమూరు పోతున్న. వారం, పది రోజులు దవాఖానలనే ఉండాలె. ఈయనకు డబల్ షిఫ్టులు. మోటర్ అయితే నేను ఆడికెల్లే వేస్త."

"ఫికర్ చెయ్యకు. మాకింక నీళ్లక్కర్లె, వరి అయిపోయింది. రోజు నువ్వే పెట్టుకో. పూత మీదున్నది, ఎండలు సూస్తివా ఎట్లున్నయో. ఒక్కరోజు గూడ ఇడువకు."

"ఇడువ బావా. అది ఎండితె నా పానం పోయినట్టే. మొదటిసారి నా పేరు మీద పెట్టుకున్న పంట."

అక్క బాగుందా అని అడుగుతుందేమో అని కాసేపు అక్కడే నిలబడ్డాను. అడగలేదు. తల్లి ఆపరేషన్ బెంగలో ఉంది, ఎందుకు అడుగుతుంది? ఇప్పుడు అనుకుంటే అర్థమవుతుంది. అప్పుడు కాలేదు.

తెల్లారి ఏడింటికి డబ్బా టక్కుమంది. లేచాను. వాల్వు దిక్కు రెండడుగులు వేశాను. పింఛన్ అన్న మాట చెవిలో పడ్డట్టయింది. మనిషితో పని లేదు కదా అనుకున్నాను. వెనక్కి వచ్చి చీపురు పట్టుకుని వాకిలి ఊడ్చాను. పైపులో నీళ్లు మా మడి దిక్కు పోతున్న చప్పుడు వింటూనే ఊడ్చాను. గంట తర్వాత మోటరు ఆగింది. పాలమూరు బస్సులో కూర్చుని హరిత రెండు నొక్కి ఉంటుంది.

ఒక్కరోజే, రేపు తిప్పుతాను అనుకున్నాను. రెండోరోజూ తిప్పలేదు.

మూడోరోజు నాకు ఫోన్ వచ్చింది. హరిత పేరు చూసి వెంటనే ఎత్తాను.

"అక్కా! నడుస్తాందా మోటరు?"

"నడుస్తాంది."

"ఈడ వార్డుల అందరికి సూపెట్టిన అక్కా! పక్క మంచమామె అయితె అస్సలు నమ్మలె. గింత దూరంకెల్లి మోటరెట్ల తిరుగుతది, నీకు పిచ్చా అన్నది. గా ఆడగొంతు వినిపిస్తె నోరు తెరిచింది. నర్సమ్మ గూడ నంబర్ అడిగింది, వాళ్ల నాయినకు పెట్టియ్యాల్నట." గలగలా నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "అమ్మకు కుట్లేసిండ్రు. ఫర్వాలేదన్నరు. అక్కా, నీళ్లయితె పోతున్నయా?"

"పోతున్నయి."

"సరె మరి," అని పెట్టేసింది.

ఆ వార్డులో ఆమె చుట్టూ మూగిన వాళ్లంతా నా కళ్ల ముందు కనబడ్డారు. నర్సు కూడా. నన్ను ఎవరూ ఎప్పుడూ నోరు తెరుచుకుని చూడలేదు. ఆ రోజంతా ఏ పని చేసినా ఆ నవ్వే వినబడింది.

సాయంత్రం మధ్యలో ఉన్న బోడు గుట్ట దాటి బీర పందిరి చూడటానికి వెళ్లాను. బోడు అడ్డముండటం వల్ల మా ఇంటి నుంచి అది కనబడదు. ఆకులు తలలు వేలేశాయి. అంచులు మాడటం మొదలైంది. పూలు ముట్టుకుంటే రాలిపోతున్నాయి. నేల నెర్రెలిచ్చింది. బొటనవేలంత పిందె ఒకటి చేతికి తగిలింది, మెత్తగా, ముసలమ్మ వేలులా. ఇంకా పోలేదు. ఆ రాత్రి కరెంటుకు ఒక తడి ఇస్తే లేచేది. మోటరు వేయడానికి నాకు ఏ ఫోనూ అక్కర్లేదు, గోడకు మీట ఉంది.

ఇంటికి వచ్చాను. వాల్వు దగ్గర ఆగాను కూడా. చక్రం మీద చేయి వేశాను. ఇప్పుడు తిప్పితే రేపు ఆ పందిరి పచ్చగా ఉంటుంది. హరిత వచ్చి ఫోటో తీస్తుంది. పాలమూరులో కూర్చుని పంట కాపాడిందని మామ ఊరంతా చెబుతాడు. చక్రం సంగతి ఎవరికీ తెలియదు. చేయి తీసేశాను.

నాలుగు, ఐదు, ఆరు. రోజూ ఏడింటికి టక్కు. మా ఆయన తెల్లారకముందే వడ్ల కాంటాల దగ్గరికి హమాలీకి పోయి, చీకటి పడ్డాక వచ్చేవాడు. మడి ఆరుతోందనే ఆయన నమ్మకం. మా మడిలో నీళ్లు చేరుతున్నాయని నాకు తెలుసు. పండిన వరి మొదట్లో నీళ్లు నిలిచి, సాయంత్రం ఎండలో మెరిసేవి. మా సొంత మడిని కూడా చూస్తూ కూర్చున్నాను. మిషను రావడానికి ఇంకా టైముంది, ఆరుతుందిలే అనుకున్నాను.

ఎనిమిదోరోజు పొద్దున మిషను వచ్చేసింది. పక్క ఊర్లో పని తొందరగా అయిపోయిందట. మా ఆయన హమాలీ మానేసి ముందు నడిచాడు. మిషను మడిలో దిగి పది గజాలు పోయి కూలబడింది. పట్టాలు బురదలో తిరుగుతుంటే డ్రైవర్ దిగి చేతులు ఊపుతూ తిట్టాడు. దాన్ని వెనక్కి లాగడానికి ట్రాక్టర్ తేవాల్సి వచ్చింది.

"తడి బంద్ చేసి వారం దాటె. గీ నీళ్లేడికెల్లి వచ్చినయే?" అన్నాడు మా ఆయన మోకాళ్ల దాకా బురదతో వచ్చి. "పైపు పలిగిందా ఏంది?"

నేను ఆయన కాళ్లకు నీళ్లు పోశాను.

అదే రోజు పదకొండింటి బస్సుకు హరిత దిగింది. ఇంటికి కూడా పోకుండా, సంచితోనే పందిరి దగ్గరికి పోయింది. ఆమె ఏడుపు బోడు దాటి మాకు వినబడింది. మొదట ఎవరో కూలిపోయారనుకుని మా ఆయన పరుగెత్తాడు. మామ ఎవరి బండో పట్టుకుని వచ్చాడు. వస్తూనే జాఫర్ భాయ్‌కి ఫోన్ చేయించాడు.

జాఫర్ ఒంటిగంటకు వచ్చాడు. అప్పటికి ఎండకు తాళలేక అందరూ మా ఇంట్లోకి చేరారు. మామ మంచంలో, మా ఆయన గోడకానుకుని, హరిత గుంజ దగ్గర కింద. నేను ఆమె ముందర చాయ పెట్టాను. ముట్టుకోలేదు.

"దొంగ డబ్బా అంటగట్టి పోయినవ్ కదరా!" అని మామ లేచాడు. "నోట్ల మాత్రం మోటర్ చాలు అని చెప్పబట్టె. చుక్క నీళ్లు రాకపాయె. నా కోడలు ఎనిమిది రోజులు దవాఖాన మెట్ల మీద కూసోని నొక్కింది."

"కాకా, అల్లా కసం, నా డబ్బా ఝూట్ చెప్పది. ఒక్క నిమిషం ఆగు, సూసొస్త," అన్నాడు జాఫర్. మొహం ఎర్రబడింది. మామ అరిచిన అరుపు ఊరంతా పాకితే ఇక అతన్ని ఎవరూ పిలవరు.

బయటకు పోయాడు. అక్కడి నుంచే ఫోన్ చేయమని హరితకు చెప్పాడు. హరిత ఒకటి నొక్కింది. టక్కుమంది. ఆడగొంతు చెప్పింది. పైపు వణికింది. చాలాసేపు అతను రాలేదు. నాకు ఆ నిమిషాల్లో చెప్పేయాలనిపించింది. చాయ గ్లాసు హరిత దగ్గరికి ఇంకొంచెం జరిపాను.

జాఫర్ గడప దగ్గరే నిలబడి చేతులు తుడుచుకున్నాడు.

"డబ్బా మంచిగుంది. మోటర్ మంచిగుంది. నీళ్లు గూడ మస్తు పోతున్నయ్. పోయేది వరిమడికి. వాల్ అటు తెరిచి ఉన్నది, బీర దిక్కుది బంద్ ఉన్నది. ఫోను మోటర్ను తిప్పుతది గని వాల్‌ను తిప్పదు కదమ్మా."

"వాలా? ఏం వాల్?" అంది హరిత.

ఆమె నిజంగానే అడిగింది. ఐదేండ్లు ఆ నీళ్లతో ఎవుసం చేసిన మనిషి.

"మరి గిన్నొద్దులు ఎవరు తిప్పిండ్రు?" అన్నాడు మామ.

మా ఆయన తల తిప్పి నన్ను చూశాడు. తర్వాత మామ చూశాడు. హరిత అందరికంటే ఆలస్యంగా చూసింది.

"అక్కా. నీళ్లు పోతున్నయా అని నేను అడిగిన గద."

"అడిగినవ్."

"పోతున్నయన్నవ్."

"పోయినయ్ హరితా. మా మడిలకు పోయినయ్."

"తెలుసా నీకు?"

"మొదటి రోజే తెలుసు."

మా ఆయన గోడ నుంచి విడిపడి ముందుకు వచ్చాడు. "మన మడి మునుగుతుంటె గూడ చెప్పబుద్ధి కాలేదానే? అంత కడుపుమంట దేనికి? ఏం తక్కువైంది నీకు?"

చాలా చెప్పాలనుకున్నాను. గడప మీద సొరకాయలు, పొద్దుటి ఫోన్లు, మొహం లేని ఫోటో. నోట్లోంచి వచ్చింది ఒక్కటే.

"నా నంబర్ ఎక్కియ్యలేదు."

అంత మంది మధ్య ఆ మాట ఎంత చిన్నగా ఉందో నాకే వినబడింది.

"దీనికా?" అన్నాడు మామ. "గింత దానికి పచ్చటి పందిరి ఎండబెడ్తవా? నోరు తెరిచి ఒక్క మాట అడిగితె ఎక్కియ్యకపోదురా బిడ్డా?"

జాఫర్ తల దించుకుని చెప్పు కొనతో గడప గీస్తున్నాడు. హరిత నన్నే చూస్తోంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అని కూడా అనుకున్నాను, అప్పుడు నేనూ ఏదో ఒకటి అనగలిగేదాన్ని. ఆమె కళ్లు నా మొహం మీంచి చేతుల మీదికి దిగాయి. అక్కడే కాసేపు ఆగాయి. వాటిని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. నేను చేతులు కొంగులో దాచుకున్నాను.

"హరితా," అన్నాను.

ఆమె లేచింది. పాలమూరు నుంచి తెచ్చిన సంచి భుజానికి వేసుకుంది. తాగని చాయ మీద మీగడ కట్టింది. జాఫర్ పక్కకు జరిగి దారిచ్చాడు. వెనక్కి చూడకుండా ఆమె మా గడప దాటి వెళ్లిపోయింది.